ఏ దగ్గుకు టీకా, ఏ దగ్గుకు కిటికీ?

క్లుప్తంగా: బడిపిల్లలకు ఏడాది పొడవునా వచ్చే దగ్గు, జలుబుల్లో చాలావాటికి టీకా లేదు. టీకా ఉన్నవి కొన్నే అయినా ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి: కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, తట్టు (మీజిల్స్), కొన్ని రకాల న్యుమోనియా, ఫ్లూ. పసిపిల్లల డోసుల మీద ఆరోగ్యశాఖ కన్ను గట్టిగానే ఉంటుంది. అయిదేళ్ల డోసు దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు సడలుతుంది. ఇక టీకా లేని మామూలు జలుబును తగ్గించడం గదిలోకి వచ్చే గాలి మీద, హాజరు నిబంధనల మీద ఆధారపడి ఉంది.

### జూన్ 12, తొలకరి

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. నైరుతి రుతుపవనాలు వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఏప్రిల్ చివరి నుంచి ఎవరిళ్లలో వాళ్లు, అమ్మమ్మ ఊళ్లలో తిరిగిన పిల్లలంతా ఒక్కసారిగా నలభై మందేసి ఒక గదిలో చేరతారు. జల్లు లోపలికి కొడుతోందని కిటికీలు వేసేస్తారు. ఆటోలకు, స్కూలు బస్సులకు పరదాలు దిగుతాయి. రెండు వారాలు తిరక్కుండానే తరగతిలో సగం మందికి ముక్కులు కారడం మొదలవుతుంది. వాతావరణం మారింది కాబట్టి పడిశం పట్టిందని ఇళ్లలో అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. వానకు వైరస్ పుట్టదు గానీ, వాన మనుషుల్ని మూసిన గదుల్లో ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరికి చేరుస్తుంది.

చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం వైద్యుల లెక్కలో మామూలు విషయమే. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైనే ఉన్నాయి. వాటిలో రైనోవైరస్ ఒక్కదానికే వందకు పైగా రకాలు. ఒక రకం మీద వచ్చిన రోగనిరోధకత ఇంకో రకాన్ని ఆపదు. మామూలు జలుబుకు ఇప్పటికీ టీకా రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఇవి వైరస్‌లు కాబట్టి యాంటీబయాటిక్ సిరప్‌లూ పనిచేయవు.

2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో హెచ్‌ఎంపీవీ కనిపించిందన్న వార్త రాగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ లాక్‌డౌన్ టెన్షన్ మొదలైంది. ఆ వైరస్‌ను నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లోనే గుర్తించారు. అంతకు ఎంతో ముందు నుంచే అది పిల్లల జలుబుల్లో ఒకటిగా తిరుగుతోంది. దానికి టీకా ఉందా అని ఆరా తీసిన తల్లిదండ్రుల్లో, ఇంట్లోని అయిదేళ్ల బిడ్డకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసే టీకా) రెండో బూస్టర్ పడిందో లేదో చూసుకున్నవాళ్లు ఎందరన్నది అనుమానమే. కొత్త పేరుకు భయపడినంతగా పాత జబ్బుకు ఎవరూ భయపడరు.

### అయిదేళ్ల డోసు ఎందుకు తప్పుతుంది?

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని నగరంలో పాతవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట కోరంటి అయింది. దాదాపు పోయిందని చాలామంది అనుకునే కంఠసర్పి, అంటే డిఫ్తీరియా కేసులు ఆ ఆసుపత్రికి ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వానాకాలం నుంచి చలికాలం దాకా వాటి తాకిడి ఎక్కువ. ప్రపంచంలోని ఎన్నో దేశాలకు టీకాలు తయారుచేసి పంపే నగరం పరిస్థితి ఇది.

దేశవ్యాప్తంగా చూసినా అంతే. 2018లో ప్రపంచం మొత్తం మీద నమోదైన డిఫ్తీరియా కేసుల్లో సగానికి పైగా భారత్‌లోనివే. ఒకప్పుడు ఇది అయిదేళ్ల లోపు పిల్లల జబ్బు. ఇప్పుడు బడి వయసు పిల్లల్లో, ఇంకా పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపిస్తోంది. వయసు ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే టీకా ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి.

కంఠసర్పి బ్యాక్టీరియా గొంతులోనే ఉండిపోతుంది. అక్కడ బూడిద రంగు పొర కట్టి ఊపిరికి అడ్డుపడుతుంది, మెడ వాస్తుంది. అయితే ఎక్కువ హాని చేసేది అది వదిలే విషం. అది రక్తంలో కలిసి గుండె కండరాన్ని, నరాలను దెబ్బతీస్తుంది. టీకా శరీరానికి నేర్పేది ఈ విషాన్ని అడ్డుకోవడమే. ఆ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. జబ్బు ఊరంతా తిరిగే రోజుల్లో పిల్లలకు తెలియకుండానే బ్యాక్టీరియా తగిలి రక్షణ మళ్లీ పుంజుకునేది. పసిపిల్లల టీకాలు పెరిగి జబ్బు అరుదయ్యాక ఆ సహజమైన బూస్టర్ కూడా పోయింది. దాని బదులుగా మనమే సూదితో గుర్తు చేయాలి.

అందుకే జాతీయ షెడ్యూలులో ఇది పసితనంతో ముగియదు. 6, 10, 14 వారాలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్, 5 నుంచి 6 ఏళ్ల మధ్య రెండో బూస్టర్, ఆ తర్వాత 10, 16 ఏళ్లకు టీడీ. పాత టీటీ సూది ధనుర్వాతానికి మాత్రమే. దాని స్థానంలో వచ్చిన టీడీలో కంఠసర్పి భాగం కూడా ఉంటుంది.

వరుస బాగానే ఉంది. చిక్కు రెండేళ్ల వయసు తర్వాత మొదలవుతుంది. అప్పటిదాకా బిడ్డ పేరు ఏఎన్‌ఎం రిజిస్టరులో, ఆశా కార్యకర్త నోట్‌బుక్కులో, అంగన్‌వాడీ జాబితాలో ఉంటుంది. డోసు తప్పితే ఇంటికి మనిషి వస్తుంది. అయిదేళ్లు వచ్చేసరికి బిడ్డ అంగన్‌వాడీ నుంచి బయటపడి బడిలో చేరుతుంది. కూలి పనుల కోసం వలస వెళ్లిన కుటుంబమైతే టీకా కార్డు ఊళ్లో ట్రంకుపెట్టెలోనే ఉండిపోతుంది. ఆరోగ్యశాఖ చేతిలోంచి జారిన బిడ్డ విద్యాశాఖ చేతిలో ఇంకా పడని ఆ సందులోనే డీపీటీ రెండో బూస్టర్ గడువు వచ్చి పోతుంది.

లెక్కలు కట్టే తీరు కూడా దీనికి తోడవుతోంది. ‘పూర్తి టీకాలు పడిన పిల్లలు’ అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పే శాతం 12 నుంచి 23 నెలల వయసు పిల్లల గురించి. 2015-16లో 62గా ఉన్న ఆ శాతం 2019-21 నాటికి 76 దాటింది. మంచి మెరుగుదలే. అయితే అయిదేళ్ల బూస్టర్ ఆ లెక్కలో లేదు. ప్రతి సమీక్షా సమావేశంలో చూపించాల్సిన అంకె మీదే సిబ్బంది శ్రమంతా పెడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఈ ఖాళీ ఎక్కడికి దారి తీస్తుందో 2016లో కేరళలోని మలప్పురం జిల్లా చూసింది. ఆరోగ్య సూచికల్లో ముందుండే రాష్ట్రంలోనే, టీకాలు పడని లేదా సగంలో ఆగిన పిల్లల్లో కంఠసర్పి వ్యాపించింది, టీనేజీ పిల్లలు చనిపోయారు. జబ్బు వచ్చాక ఇచ్చే విరుగుడు సీరం గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ, అప్పటికే గుండె కణాలకు అంటుకున్నదాన్ని విడదీయలేదు. గొంతులో పొర కనిపించినప్పుడు ఒక్క రోజు ఆలస్యమైనా బరువుగా పడేది అందుకే.

### నలభై మంది తరగతిలో తట్టు లెక్క

తట్టు కథ వేరు. దీని టీకా రక్షణ పలచబడడం అరుదు. ఇక్కడ తలనొప్పి వ్యాప్తి వేగంతో. తట్టు ఉన్న పిల్లవాడు గది విడిచి వెళ్లిన తర్వాత కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉండగలదు. పైగా ఒంటి మీద దద్దు తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లు అమ్మవారు పోసిందని వేపాకు తెచ్చేసరికే తరగతికి అంటించడం సగం పూర్తయి ఉంటుంది.

రక్షణ లేని సమూహంలో ఒక తట్టు రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. మధ్యస్థంగా 15 అనుకుంటే, వ్యాప్తి ఆగాలంటే నూటికి 93 మందికి పైగా రక్షణ ఉండాలి. నలభై మంది తరగతిలో అది 37 మందికి పైమాటే. ఆ తరగతిలో 36 మందికి తొమ్మిది నెలల డోసు ఒక్కటే పడిందనుకుందాం. ఆ వయసులో ఒక్క డోసు సుమారు 85 శాతం మందికే పనిచేస్తుంది, అంటే 31 మందికి. సూది పడని నలుగురితో కలిపి తొమ్మిది మంది బయటే ఉన్నట్టు. అదే 38 మందికి రెండు డోసులూ పడితే 37 మందికి రక్షణ దొరుకుతుంది. రిజిస్టరులో ఈ రెండు తరగతులూ ‘90 శాతం, ఆపైన’ అన్న ఒకే గడిలో పడతాయి. ఒకదానిలో తట్టు పాకుతుంది, రెండోదానిలో దాదాపుగా ఆగిపోతుంది.

2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులకే వెళ్లి, 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేసింది ఇలాంటి ఖాళీలు పూడ్చడానికే. ఇంజెక్షన్ అంటే చాలు, వాట్సాప్ వదంతులకు భయపడి ఆ రోజు పిల్లల్ని బడికి పంపని ఇళ్లూ ఉన్నాయి.

తట్టును శ్వాసకోశ జబ్బుల్లో కలపడానికి ఇంకో కారణం ఉంది. తట్టుతో చనిపోయే పిల్లల్లో ఎక్కువమందిని బలిగొనేది న్యుమోనియా. తగ్గిన తర్వాత కూడా దెబ్బ మిగులుతుంది. శరీరం అంతకుముందు ఇతర జబ్బుల మీద సంపాదించిన జ్ఞాపకాన్ని ఈ వైరస్ తుడిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తర్వాత పోల్చి 2019లో వెలువరించిన పరిశోధనలో, వాళ్లకు ఉన్న పాత యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు తేలింది. తట్టు వచ్చిన బిడ్డ ఆ తర్వాత రెండు మూడేళ్లు తరచూ ఏదో ఒక జబ్బు పడడం వెనకున్న కారణం ఇదే.

### ప్రభుత్వ సూది, ప్రైవేటు సూది

తల్లిదండ్రులు తికమకపడే చోటు ఇది. పీహెచ్‌సీలో వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాలకు. ప్రైవేటులో వేసేది ఎంఎంఆర్, అందులో గవదబిళ్ళల టీకా అదనం. గవదబిళ్ళలు జాతీయ షెడ్యూలులో లేవు. భారతీయ శిశువైద్యుల సంఘం ఐఏపీ మాత్రం ఎంఎంఆర్‌నే సూచిస్తుంది. ఆటలమ్మ టీకా కూడా అంతే, ప్రైవేటులోనే దొరుకుతుంది.

న్యుమోనియా టీకా పీసీవీ విషయంలో పరిస్థితి మారింది. 2017లో హిమాచల్ ప్రదేశ్, యూపీ, బిహార్‌లలో మొదలైన ఉచిత పీసీవీ 2021లో దేశమంతటికీ వచ్చింది. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు మూడు డోసులు. అంతకుముందు ఒక్కో డోసుకు వేల రూపాయలు పెట్టగలిగినవాళ్లకే అందిన టీకా ఇది. న్యుమోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాను, మెదడు పొరల వాపును (మెనింజైటిస్) అడ్డుకుంటుంది. ఈ టీకా వేయించినా జలుబు చేస్తోందేమిటని అడగడంలో అర్థం లేదు. జలుబుకు దీనికి సంబంధమే లేదు.

ఇక ‘నొప్పి లేని’ సూది. ప్రభుత్వ పెంటావాలెంట్‌లోనూ డీపీటీలోనూ కోరింత దగ్గు బ్యాక్టీరియాను చంపి, మొత్తంగా వాడతారు. దాంతో జ్వరం, తొడ వాపు కొంచెం ఎక్కువ. ప్రైవేటులో దొరికే ఖరీదైన ఎసెల్యులార్ టీకాలో బ్యాక్టీరియా నుంచి శుద్ధి చేసిన కొన్ని ముక్కలే ఉంటాయి. బాధ తక్కువే, రక్షణ కూడా త్వరగా తగ్గుతుంది. అమెరికా 1990లలో పూర్తిగా ఎసెల్యులార్‌కు మారింది. 2010లో కాలిఫోర్నియాలో 9,000కు పైగా కోరింత దగ్గు కేసులు వచ్చాయి, పది మంది పసిపిల్లలు చనిపోయారు. డోసులన్నీ పడిన ఎనిమిది, పదేళ్ల బడిపిల్లల్లో కూడా జబ్బు బాగా కనిపించింది. ఈ ఒక్క టీకా విషయంలో ఉచిత సూది తక్కువరకమన్న అభిప్రాయం సరిగ్గా తలకిందులు. ఒక రాత్రి జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటే గడిచిపోతుంది.

బడిపిల్లలకు కోరింత దగ్గు వచ్చినా చాలావరకు నెలల తరబడి దగ్గుతో సరిపోతుంది. దాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఉయ్యాలలో ఇంకా ఆరువారాల సూది పడని చెల్లెలో తమ్ముడో ఉంటే మాత్రం అది ప్రాణాపాయం. దగ్గు తెరలో ఆ పసికందుకు ఊపిరే ఆగిపోవచ్చు.

### ఫ్లూ టీకా ఏ నెలలో?

ఫ్లూ టీకా జాతీయ షెడ్యూలులో లేదు, వేయించాలంటే సొంత డబ్బే. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు ఏటా వేయించమని ఐఏపీ సూచన. ఆస్తమా, గుండె జబ్బు, మధుమేహం ఉన్న పిల్లలకైతే ఆ వయసు దాటాక కూడా. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేయించేటప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి.

ఎవరికి అన్నదానికంటే ఎప్పుడు అన్న దగ్గరే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకా కూర్పును నిర్ణయిస్తుంది: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. మ్యాపులో భారత్ ఉన్నది ఉత్తరంలో. కానీ ఇక్కడ ఫ్లూ అమెరికాలోలాగా చలికాలంతోనే ఆగదు. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి పైకి లేస్తుంది. సెప్టెంబరులో నిర్ణయించిన టీకా వేసవికి దుకాణాల్లోకి వస్తుంది. మే నెలలో అది వేయించుకుంటే జూన్ రద్దీకి రక్షణ సిద్ధంగా ఉంటుంది. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పారని అక్టోబరు దాకా ఆగితే, బడులు తెరిచిన తర్వాతి నాలుగు నెలలూ రక్షణ లేకుండానే గడిచిపోతాయి.

పిల్లలకు వేసిన ఫ్లూ టీకా ఎవరిని కాపాడుతుందన్నదానికి జపాన్ అనుభవం ఉంది. ఆ దేశం 1960ల నుంచి బడిపిల్లలకు సామూహికంగా ఫ్లూ టీకాలు వేసింది, 1994లో ఆపేసింది. ఆ కాలంలో శీతాకాలపు మరణాలు తగ్గి, ఆపేశాక మళ్లీ పెరిగాయని 2001లో వెలువడిన విశ్లేషణ తేల్చింది. ఆ మరణాల్లో ఎక్కువ భాగం వృద్ధులవి. తాతయ్య, నానమ్మ ఒకే ఇంట్లో ఉండే కుటుంబాలకు ఇది దూరపు దేశం సంగతి కాదు.

### టీకా లేని దగ్గుకు కిటికీ

మిగిలిన జలుబులన్నిటికీ ఉన్న ఆయుధాలు పాతవే. సీలింగ్ ఫ్యాను గాలిని గదిలోనే తిప్పుతుంది గానీ కొత్త గాలిని తేదు. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు తెరిచి ఉంటేనే పీల్చి వదిలిన గాలి బయటికి పోతుంది. ఈ విషయంలో వరండా ఉన్న పాతకాలం పెంకుటింటి బడి, కిటికీలు బిగించిన ఏసీ తరగతి కంటే మెరుగు. ఫీజు ఎక్కువైనంత మాత్రాన గాలి మంచిదైపోదు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. హాస్టళ్లలో, గురుకులాల్లో మంచాల మధ్య దూరం కూడా లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అక్కడ బడి గంట కొట్టినా పిల్లలు విడిపోరు.

రెండోది ఇంట్లో ఉంచడం. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడికి పంపడం చాలా దేశాల్లో వాడుకలో ఉన్న కొలమానం. ఇక్కడ జరిగేది వేరు: పొద్దున్నే పారాసెటమాల్ పట్టించి పంపితే మధ్యాహ్న భోజనం వేళకు ఒళ్లు మళ్లీ కాలుతుంది. తల్లిదండ్రులను తప్పుపట్టే ముందు లోకం తీరు చూడాలి. నెలంతా ఒక్కరోజూ మానని పిల్లలకు బహుమతులిచ్చే బడులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల తల్లులకు ఒకప్పుడు ఇచ్చిన అమ్మ ఒడి సొమ్ముకు 75 శాతం హాజరు ఉండాలని నిబంధన పెట్టారు. బడి మానకుండా చూడడంలో దాని ఉద్దేశం మంచిదే. డాక్టరు చీటీ ఉన్న మూడు రోజుల జ్వరాన్ని హాజరులోంచి మినహాయించడానికి పైసా ఖర్చు లేదు. రోజు కూలి పోతుందని బిడ్డను బడికి పంపే తల్లి ఇబ్బంది మాత్రం అంత తేలిగ్గా తీరదు.

చేతులు కడగడం, మోచేతిలోకి దగ్గడం గురించి కోవిడ్ రోజుల్లో అందరూ కావలసినంత విన్నారు. చూడ్డానికి జలుబే అనిపించినా, బిడ్డ డొక్కలెగరేస్తున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా అది ఇంట్లో చూసుకునే జబ్బు కాదు.

### బడి గేటు దగ్గర ఎవరు అడగాలి?

అమెరికాలో బడిలో చేరాలంటే సాధారణంగా టీకా రికార్డు చూపించాలి. అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఇది మొదటి వారంలోనే తెలిసొస్తుంది. మన తొమ్మిది నెలల ఎంఆర్ డోసును అక్కడ లెక్కలోకి తీసుకోరు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో టీకాను కొంత అడ్డుకుంటాయి కాబట్టి మొదటి పుట్టినరోజు దాటాక వేసిందే చెల్లుతుంది. మన దగ్గర తట్టు ముప్పు ఎక్కువ, ఏడాది దాకా ఆగలేం, అందుకే తొమ్మిది నెలలు. రెండు నిర్ణయాలూ సరైనవే. బిడ్డ మాత్రం అక్కడ ఎంఎంఆర్ మళ్లీ వేయించుకోక తప్పదు.

నిబంధన ఉన్నంత మాత్రాన పని జరిగిపోదు. మినహాయింపులు పెరిగి, అమెరికా కిండర్‌గార్టెన్ పిల్లల్లో ఎంఎంఆర్ రెండు డోసులు పడినవారు 2019-20లోని 95.2 శాతం నుంచి 2024-25లో 92.5 శాతానికి తగ్గారు. 2025లో టెక్సాస్‌లో తట్టు 700 మందికి పైగా సోకింది, టీకా వేయించుకోని ఇద్దరు బడి వయసు పిల్లలు చనిపోయారు.

భారత్‌లో బడిలో చేరడానికి టీకా తప్పనిసరి అనే జాతీయ చట్టం లేదు. టీకా లేదని బడి తలుపు మూస్తే నష్టపోయేది చాలావరకు పేద పిల్లలే కాబట్టి అలాంటి చట్టం ఇక్కడ మేలు చేస్తుందన్న నమ్మకమూ లేదు. అడగడానికి మాత్రం చట్టం అక్కర్లేదు. ఒకటో తరగతి అడ్మిషన్ వేళ ఆధార్ నంబరు, పుట్టుమచ్చలు రాసుకునే రిజిస్టరులో ‘డీపీటీ రెండో బూస్టర్, తేదీ’ అనే గడి ఒకటి చేర్చవచ్చు. ఖాళీగా ఉన్న గడుల జాబితాను స్థానిక ఏఎన్‌ఎంకు పంపితే చాలు. కేంద్ర ప్రభుత్వ టీకా నమోదు వేదిక యూ-విన్ పోర్టల్‌లో నమోదైన పిల్లల వివరాలైతే కార్డు పోయినా దొరుకుతాయి.

తప్పిపోయిన డోసులకు గడువులూ ఉన్నాయి. జాతీయ కార్యక్రమంలో ఎంఆర్ అయిదేళ్ల దాకా, డీపీటీ ఏడేళ్ల దాకా వేస్తారు. ఏడేళ్లు దాటితే ఇచ్చేది టీడీయే, అందులో కోరింత దగ్గు భాగం ఉండదు. అంటే రెండో తరగతి మధ్యలో ఉన్న పిల్లల్లో చాలామందికి గడువు మిగిలినా కొన్ని నెలలే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ టీకా రోజులు సాధారణంగా బుధ, శనివారాలు.